ఎర్ర రిబ్బన్లు... నీలి రిబ్బన్లు

పండక్కి ఇల్లు దులుపుతుంటే మా అమ్మాయి పుస్తకాల అరలో ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కనపడింది. తెరిచి చూద్దును కదా, పేజీ పేజీకీ స్కేలుతో గీసిన గళ్ళు, గళ్ళ నిండా చుక్కలు, అంకెలు, పక్కన వరసగా పదకొండు పేర్లు. మా కాలనీ కుర్రాళ్ళు పెట్టుకున్న క్రికెట్ క్లబ్బు స్కోరు పుస్తకం అది. రాతంతా మా అమ్మాయిదే. ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ ఆ పదకొండు పేర్లలో తన పేరు లేదు!

మొదటి పేజీల్లో ఉంది. ఆరో పేరుగా, ఏడో పేరుగా ఉంది. ఒకచోట ఇరవై మూడు పరుగులు చేసినట్టు కూడా ఉంది. తర్వాత్తర్వాత పేజీల్లో పేరు పోయి, చేతిరాత మాత్రం మిగిలింది.

పదమూడేళ్ళొచ్చాయి, ఇంక మగపిల్లలతో ఆటలేమిటని మా అత్తయ్యగారు అన్నారని రాసేసి నేను తప్పించుకోవచ్చు. కథలు రాసేదాన్ని కనుక అలా రాయడం నాకు తేలిక కూడా. కానీ నిజం చెప్పాలిగా! పాపం ఆవిడ ఏమీ అనలేదు. అన్నది నేనే. "ఎండలో నల్లబడిపోతున్నావు, చదువు పాడవుతోంది, అందరూ చూస్తున్నారు" అని మూడు కారణాలు చెప్పాను. అది ఎదురు మాట్లాడలేదు. మర్నాటి నుంచి గట్టు మీద కూర్చుని స్కోరు రాయడం మొదలుపెట్టింది.

2025 నవంబరు 2 రాత్రి గుర్తుంది కదూ? నవీ ముంబయిలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి. మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. జట్టులో మన కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి ఉందని మావారు పొంగిపోతుంటే, మా అమ్మాయి నా వైపు తిరిగి మెల్లిగా ఒక్క మాట అడిగింది: "అమ్మా, వాళ్ళందరి అమ్మలూ కూడా ముందు వద్దనే అనుంటారా?"

జవాబు చెప్పలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. అసలీ ఆటలో ఆడవాళ్ళు ఎప్పుడు చేరారు, మనం నిన్నగాక మొన్న వచ్చి చేరామా అని వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో నాకొక పల్లెటూరి క్రికెట్ క్లబ్బు చరిత్ర దొరికింది. అదే ఈ వారం మీతో చెప్పుకుందామని.

మా ఊరి క్లబ్బు

ముందు మా ఊరి సంగతి రెండు ముక్కలు. మాది కోనసీమ. నా చిన్నప్పుడు, 1990లలో, వరి కోతలు అయిపోగానే మా ఊరి కుర్రాళ్ళు చేలో క్రికెట్ మొదలుపెట్టేవాళ్ళు. కొబ్బరి మట్టని కత్తితో చెక్కితే బ్యాటు. మూడు కర్రలు పాతితే వికెట్లు. సంక్రాంతికి పక్క ఊళ్ళ జట్లతో పందేలు. దానికో క్లబ్బు, ఆ క్లబ్బుకి చందాలు, చందాల లెక్కల దగ్గర తగాదాలు. ఆడపిల్లలకీ పని ఉండేదండోయ్! కాలవలో పడ్డ బంతి తెచ్చివ్వడం, బిందెతో మంచినీళ్ళు అందించడం. నేను బోలెడు బంతులు తెచ్చిచ్చాను. ఒక్కటి కూడా కొట్టలేదు. అందులో అన్యాయం ఉందని అప్పుడు తోచనే లేదు.

కుర్రాళ్ళకి ఉద్యోగాలొచ్చి తలో ఊరూ వెళ్ళిపోయాక ఆ క్లబ్బు మాయమైపోయింది. ఒక్క కాగితం ముక్క కూడా మిగల్లేదు. హాంబుల్డన్ గురించి చదువుతుంటే నాకు అడుగడుగునా మా ఊరే గుర్తొచ్చింది. కాకపోతే వాళ్ళు కాగితాలు దాచుకున్నారు. అదే తేడా.

మిట్ట మీద ఆట

ఇంగ్లండు దక్షిణాన హాంప్‌షైర్ అనే జిల్లా ఉంది. అందులో, పోర్ట్స్‌మత్ రేవుపట్నానికి ఉత్తరంగా ఉన్న చిన్న పల్లె హాంబుల్డన్. ఊరికి ఒక రెండు మైళ్ళ దూరంలో గడ్డి మిట్ట ఒకటి. దాని పేరు బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్. పేరులో డౌన్ అని ఉందని పల్లం అనుకునేరు! ఆ ప్రాంతంలో డౌన్ అంటే మిట్టే. చలిగాలి ఈడ్చి కొట్టే చోటు. దానికెదురుగా ఒక పబ్బు. మన పాత పూటకూళ్ళిల్లూ, సారా కొట్టూ ఒకే కప్పు కింద ఉంటే ఎలా ఉంటుందో అలాంటిదన్నమాట. దాన్ని నడిపినాయన రిచర్డ్ నైరెన్. ఆయనే జట్టు నాయకుడు, మైదానం చూసుకునేవాడూ, తగువులు తీర్చే పెద్దమనిషీ. ఆ పబ్బు తర్వాతి కాలంలో 'బ్యాట్ అండ్ బాల్' అన్న పేరుతో ప్రసిద్ధికెక్కింది.

ఆ మిట్ట మీద ఆట జరిగిందన్న తొలి ఆనవాళ్ళలో ఒకటి ఏమిటో తెలుసా? తప్పిపోయిన కుక్క! 1756లో ఒక పత్రికలో ప్రకటన పడింది. ఫలానా రోజు బ్రాడ్‌హాఫ్‌పెన్నీలో క్రికెట్ పందెం దగ్గర మా కుక్క తప్పిపోయింది, రోవర్ అని పిలిస్తే పలుకుతుంది అని. చరిత్ర అంటే రాజుల శాసనాల్లోనే ఉంటుందనుకుంటాం. ఒక్కోసారి కుక్క వెనకాల పరిగెత్తినా దొరుకుతుంది.

హాంబుల్డన్ క్లబ్బులో రెండు రకాల మనుషులు. సభ్యులేమో డబ్బున్న దొరలు, ప్రభువులు, మతగురువులు. తినడానికీ, తాగడానికీ, పందేలు కాయడానికీ చేరినవాళ్ళు. ఆడేది మాత్రం ఎక్కువగా చేతిపనుల వాళ్ళు, రైతులు. వాళ్ళకి ఆడినందుకు డబ్బు ముట్టేది. క్లబ్బుని నడిపించిన దొరల్లో ముఖ్యుడు చార్లెస్ పౌలెట్ అనే మతగురువు. ఈయన తల్లి గురించి చెప్పకుండా ఉండలేను. ఆవిడ లావినియా ఫెంటన్ అనే నటి. 1728లో లండన్‌లో 'బెగ్గర్స్ ఆపెరా' నాటకంలో పాలీ వేషం వేసి ఊరందరి నోళ్ళలో నానింది. బోల్టన్ ప్రభువు ఆవిడని రంగస్థలం నుంచి తీసుకువెళ్ళాడు. ఆయనకి అప్పటికే పెళ్ళయింది. మొదటి భార్య పోయాక, 1751లో గానీ ఈవిడని పెళ్ళాడలేదు. అప్పటికి చార్లెస్‌కి ఇరవై దాటాయి. తండ్రి బిరుదు అతనికి దక్కలేదు, మతగురువు అయ్యాడు. ఆ నటి కొడుకే క్రికెట్టు చరిత్రలో అంతటి క్లబ్బుకి పెద్దదిక్కయ్యాడంటే వింతగా లేదూ!

కుమ్మరి, చెప్పులు కుట్టేవాడు, గుర్రపు రౌతు

ఇక ఆటగాళ్ళు. జాన్ స్మాల్ అనే ఆయనది పీటర్స్‌ఫీల్డ్. మొదట చెప్పులు కుట్టేవాడు, తర్వాత బ్యాట్లూ బంతులూ తయారు చేసి అమ్మాడు. ఫిడేలు కూడా వాయించేవాడు. ఒకసారి పొలంలో ఎద్దు మీదకొస్తే ఫిడేలు వాయించి దాన్ని నిలబెట్టేశాడని ఒక కథ! అప్పట్లో బంతిని చెయ్యి కిందనుంచే వేసేవారు. మొదట్లో నేల మీద దొర్లించేవారు కాబట్టి బ్యాటు కూడా కింద వంపు తిరిగి, హాకీ కర్రలా ఉండేది. బంతి గాల్లో వచ్చి నేలకి తగిలి లేవడం మొదలయ్యాక ఆ వంపు కర్ర పనికిరాలేదు. నిటారు బ్యాటుతో ఆడడంలో మొదటి మొనగాడు ఈ స్మాలే అంటారు.

డేవిడ్ హారిస్ కుమ్మరి. బంతి వేయడంలో ఆయనకి సాటి లేరు. ముదిరిన కీళ్ళవాతంతో నడవలేని రోజుల్లో కూడా మైదానంలో ఒక పడక్కుర్చీ వేయించుకుని, బంతి వేసి వచ్చి అందులో కూలబడేవాడట.

నోవా మాన్ ఇరవై మైళ్ళ దూరం నుంచి గుర్రం మీద వచ్చి సాధన చేసి మళ్ళీ గుర్రం మీదే వెళ్ళేవాడు. దారిలో జేబురుమాళ్ళు నేల మీద పరిపిస్తే, గుర్రం దౌడు తీస్తుండగానే వంగి ఏరేవాడు. అతని చావు మాత్రం విషాదం. 1789లో ఒక రాత్రి బాగా తాగి, ఎవరెంత చెప్పినా మంచం ఎక్కక, పొయ్యి పక్కన కుర్చీలోనే నిద్రపోయి నిప్పుల్లో పడ్డాడు. ఒక్క రోజు కూడా బతకలేదు. ఎంత ఆటగాడైతేనేం, ఆ ఇంటి ఆడవాళ్ళకి మిగిలిందేమిటో మనకి వేరే చెప్పాలా?

ఆట రోజున వేలమంది జనం మిట్ట చుట్టూ చేరేవాళ్ళు. పబ్బు వాళ్ళ ఇంట్లో మాంసాలు, రొట్టెలు, పీపాల కొద్దీ బీరు. ఆ ఇంటి ఇల్లాలు ఫ్రాన్సెస్‌కి ఆ రోజు ఎంత చాకిరీయో, పెళ్ళివారికి వండి వార్చిన చేతులకి తెలుస్తుంది.

167 పరుగుల మనిషి

1777 జూన్‌లో సెవెనోక్స్ అనే ఊళ్ళో ఈ పల్లెటూరి జట్టు మిగతా ఇంగ్లండు మొత్తంతో తలపడింది. వెయ్యి గినీల పందెం. ఇంగ్లండు జట్టు మొదట 166 చేసింది. హాంబుల్డన్ 403 చేసింది. జేమ్స్ ఐల్‌వార్డ్ అనే రైతుబిడ్డ పదో ఆటగాడిగా దిగి, బుధవారం సాయంత్రం ఐదింటి నుంచి శుక్రవారం మధ్యాహ్నం మూడింటి దాకా ఔటవకుండా 167 పరుగులు తీశాడు. ఇంగ్లండు రెండోసారి 69కే కూలిపోయింది. ఇన్నింగ్సు మీద 168 పరుగుల గెలుపు! కొన్నేళ్ళకే కెంట్‌కి చెందిన ఒక ధనవంతుడు ఆ ఐల్‌వార్డ్‌కి తన ఎస్టేటులో ఉద్యోగం ఇచ్చి తన జట్టులోకి లాగేసుకున్నాడు. ఇవాళ టీవీలో ఆటగాళ్ళ వేలంపాట చూసి ముక్కున వేలేసుకుంటాం గానీ, ఆ పద్ధతికి రెండున్నర శతాబ్దాల వయసుందన్నమాట.

పరుగులు లెక్కపెట్టడానికి అప్పట్లో కర్ర మీద కత్తితో గాటు పెట్టేవారు. పరుగుకో గాటు. మా అమ్మమ్మ పాల లెక్కకి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది, అలాగే!

ఇవాళ్టి రూళ్ళలో కొన్ని ఈ ఊరి వాళ్ళ పుణ్యమే. 1771 సెప్టెంబరులో చెర్ట్సీ జట్టుతో ఆడుతుంటే అవతలి జట్టులో వైట్ అనే ఆయన వికెట్టంత వెడల్పున్న బ్యాటు పట్టుకొచ్చాడు. ఇంక బంతి వికెట్టుకి ఎలా తగులుతుంది చెప్పండి! రెండు రోజుల తర్వాత హాంబుల్డన్ వాళ్ళు ఒక కాగితం రాసి నైరెన్, స్మాల్, బ్రెట్ అనే ముగ్గురు సంతకాలు పెట్టారు. బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు మించకూడదని. 1774లో అది రూలయింది. ఇవాళ ప్రపంచ కప్పులో మన అమ్మాయిలు పట్టుకునే బ్యాటుకి కూడా అదే నాలుగుంపావు హద్దు. కావాలంటే మీ పిల్లల బ్యాటు తెచ్చి కుట్టుపని టేపుతో కొలిచి చూడండి.

అప్పటికి వికెట్టుకి రెండే కర్రలు. 1775 మేలో లండన్‌లో జరిగిన ఒక పందెంలో స్మాల్ బ్యాటు పట్టుకున్నాడు. లంపీ స్టీవెన్స్ వేసిన బంతి మూడుసార్లు ఆ రెండు కర్రల మధ్య నుంచే దూరిపోయింది. కర్రలు కదల్లేదు, స్మాల్ ఔటు కాలేదు, పందెం కూడా గెలిపించాడు. ఇదేం న్యాయమని అందరూ అనుకుని మధ్యలో మూడో కర్ర పాతారు. గమనించారా? లాభపడింది హాంబుల్డన్ ఆటగాడే. అయినా రూలు మారింది. అన్యాయం కళ్ళబడ్డాక సరిదిద్దుకోవచ్చన్నమాట, అది మనకి లాభం తెచ్చిన అన్యాయమైనా సరే. ఈ మాట నాకు బాగా తగిలింది.

దొరలెవరూ రాలేదు

అంత వెలుగు వెలిగిన క్లబ్బు ఎలా ఆరిపోయింది? డబ్బు ఎటు పోతే ఆట అటు పోయింది. 1787లో లండన్‌లో థామస్ లార్డ్ అనే ఆయన మైదానంలో ఎం.సి.సి. క్లబ్బు మొదలైంది. హాంబుల్డన్‌లో సభ్యుడైన వించెల్సీ ప్రభువే దాని పుట్టుకలోనూ ముఖ్యుడు. చలిగాలి మిట్టకి బళ్ళు కట్టుకుని రావడం కన్నా దొరలకి లండన్ సుఖం. వాళ్ళ వెంట మంచి ఆటగాళ్ళూ పోయారు. నైరెన్ కూడా ఊరొదిలాడు. 1796 ఆగస్టు సమావేశపు పుస్తకంలో హాజరైనవాళ్ళ పేర్లలో థామస్ పెయిన్ పేరుంది. 'మనిషి హక్కులు' అన్న పుస్తకం రాసి దేశద్రోహి అనిపించుకుని అప్పుడు ఫ్రాన్సులో ఉన్న మనిషి! ఎవరో సరదాకి రాసుంటారు. ఖాళీ కుర్చీల ముందు వేళాకోళాలే మిగులుతాయి మరి. సెప్టెంబరు 21 నాటి పేజీలో, దొరలెవరూ రాలేదన్న మాట తప్ప ఇంకేమీ లేదు. అంతే, కథ ముగిసింది.

ఇదంతా మనకి దక్కడానికి కారణం ఆ పబ్బులో పెరిగిన పిల్లాడు, నైరెన్ కొడుకు జాన్. 1764లో పుట్టాడు. ముసలితనంలో తన చిన్ననాటి ఆటగాళ్ళ కబుర్లు చెబుతుంటే చార్లెస్ కౌడెన్ క్లార్క్ అనే స్నేహితుడు రాసిపెట్టాడు. 1833లో పుస్తకంగా వచ్చింది. అరుగు మీద కూర్చుని మన తాతయ్యలు చెప్పే కబుర్లలాంటివే. కాకపోతే పక్కన రాసుకునే మనిషి ఒకడున్నాడు. 1908లో ఆ మిట్ట మీద గుర్తుగా రాయి పాతారు. హాంబుల్డన్ ఊళ్ళో ఇప్పటికీ క్రికెట్ క్లబ్బు ఉంది, ఆడేది వేరే మైదానంలో. దొరలు వెళ్ళిపోయినా ఊరు ఉందిగా!

మరి ఆడవాళ్ళేరీ?

ఇక్కడిదాకా చదివి, ఇదంతా మగవాళ్ళ గోలేగా అని మీకు విసుగొచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. కానీ అసలు సంగతి ఇప్పుడే ఉంది.

హాంబుల్డన్ పేరుతోనే ఇంకో ఊరుంది. పక్కనున్న సర్రే జిల్లాలో. రెండూ ఒకటేనని పొరబడేవాళ్ళు చాలామంది. ఈ సర్రే హాంబుల్డన్ అమ్మాయిలు పదకొండుమంది, పక్క ఊరు బ్రామ్లీ అమ్మాయిలు పదకొండుమంది కలిసి గిల్‌ఫర్డ్ దగ్గర గాస్డెన్ కామన్ అనే పచ్చికబయలులో క్రికెట్ ఆడారు. ఎప్పుడో తెలుసా? 1745 జూలై 26న! అంటే కుక్క తప్పిపోవడానికి పదకొండేళ్ళ ముందు. వైట్ దొరగారి వెడల్పు బ్యాటుకి ఇరవై ఆరేళ్ళ ముందు. ఎం.సి.సి.కి నలభై రెండేళ్ళ ముందు.

అందరూ తెల్లబట్టలు వేసుకున్నారు. బ్రామ్లీ పిల్లల తలలకి నీలి రిబ్బన్లు, హాంబుల్డన్ పిల్లల తలలకి ఎర్ర రిబ్బన్లు. హాంబుల్డన్ 127 గాట్లు, బ్రామ్లీ 119 గాట్లు. ఎర్ర రిబ్బన్లే గెలిచాయి. బంతి వేయడంలో, కొట్టడంలో, పరిగెత్తడంలో, పట్టడంలో మగవాళ్ళకేమీ తీసిపోలేదని అప్పటి పత్రిక రాసింది. ఆడవాళ్ళ క్రికెట్ గురించి ఇప్పటిదాకా దొరికిన మొదటి వార్త ఇదే.

ఇదొక్కటే కాదు. 1747లో ససెక్స్ పల్లెల ఆడవాళ్ళు లండన్ వెళ్ళి ఆడితే, జనం మైదానంలోకి తోసుకొచ్చి ఆట ఆపేయాల్సొచ్చింది. 1765లో మన హాంప్‌షైర్ జిల్లాలోనే అప్‌హమ్ అనే ఊళ్ళో పెళ్ళయినవాళ్ళు పదకొండుమందీ, పెళ్ళికానివాళ్ళు పదకొండుమందీ పందెం వేసుకున్నారు. గెలిచినవాళ్ళకి పెద్ద ప్లమ్ కేకు, పీపాడు బీరు, టీ విందు. పెళ్ళికానివాళ్ళు గెలిచారు. గెలవరూ మరి! పెళ్ళయినవాళ్ళు ఇంటి పనంతా ముగించుకుని వచ్చి ఆడాలాయె.

ఇంకో కథ ఉంది. కెంట్‌లో క్రిస్టీనా విల్స్ అనే ఆవిడ తన సోదరుడికి సాధన కోసం బంతులు వేసేదట. గౌను కుచ్చిళ్ళు అడ్డొచ్చి చెయ్యి కిందనుంచి వేయలేక, చెయ్యి పక్కకెత్తి వేసిందట. అది చూసి నేర్చుకున్న ఆ సోదరుడు 1822లో లార్డ్స్‌లో అలా వేస్తే నోబాల్ అన్నారు. ఆయన కోపంతో గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. సోదరుడి సంగతి నిజమే. గౌను సంగతి మాత్రం, ఆ రోజుల్లో అంత వెడల్పు గౌన్లు లేవని కొందరు చరిత్రకారులు కొట్టేస్తారు. అయినా ఆ బంతులు వేసింది ఆవిడే అనుకోవడం నాకిష్టం.

రాసిన చెయ్యి

నాకు అందరికన్నా నచ్చినావిడ మేరీ రసెల్ మిట్‌ఫర్డ్. 1797లో పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న లాటరీ టికెట్టు ఎంచుకోమన్నాడు. 2224 నంబరే కావాలని పట్టుబట్టింది. అంకెలు కలిపితే తన వయసు పది వస్తుందని! ఆ టికెట్టుకి ఇరవై వేల పౌన్లు తగిలాయి. ఆ డబ్బంతా ఆ తండ్రిగారు జూదాలకీ దర్జాలకీ హారతి కర్పూరం చేసేశాడు. చివరికి రెడింగ్ దగ్గర త్రీ మైల్ క్రాస్ అనే పల్లెలో చిన్న ఇంటికి చేరారు. ఇల్లు గడవడానికి మేరీ కలం పట్టింది. తమ ఊరి కబుర్లు ఆడవాళ్ళ పత్రికకి రాసి పంపింది. అవే 1824 నుంచి 'అవర్ విలేజ్' పేరుతో పుస్తకాలుగా వచ్చాయి.

అందులో తమ ఊరి జట్టు పక్క ఊరితో ఆడిన క్రికెట్ పందెం ముచ్చట ఒకటుంది. లార్డ్స్‌లో డబ్బుల కోసం ఆడే ఆట తనకి అక్కర్లేదనీ, ఊరూ ఊరూ పరువు కోసం ఆడే ఆటే ఆటనీ అంటుంది. జాన్ నైరెన్ పుస్తకం కన్నా ఇది తొమ్మిదేళ్ళు ముందు. పల్లెటూరి క్రికెట్‌ని సాహిత్యంలోకి తెచ్చిన తొలివాళ్ళలో ఒకరు ఇలా ఇంటి ఖర్చుల కోసం పత్రికలకి రాసుకున్న ఆడమనిషి. వంటయ్యాక డైనింగు టేబులు తుడుచుకుని రాసుకునే నాలాంటి వాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంత ముందే మొదలుపెట్టిన ఆడవాళ్ళు లార్డ్స్‌లో ఒక అంతర్జాతీయ పందెం ఆడడానికి 1976 దాకా ఆగాల్సొచ్చింది. ఎం.సి.సి.లో సభ్యత్వానికి 1998 దాకా. అయినా ఊరికే కూర్చోలేదు. మగవాళ్ళకి ప్రపంచ కప్పు 1975లో మొదలైతే, ఆడవాళ్ళు 1973లోనే పెట్టుకున్నారు! మన దేశంలో మహిళా క్రికెట్ సంఘం ఏర్పడింది కూడా ఆ 1973లోనే. 1976లో బెంగుళూరులో వెస్టిండీస్‌తో మన అమ్మాయిలు మొదటి టెస్టు ఆడారు. 2017లో అదే లార్డ్స్‌లో, మన సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ నాయకత్వంలో ఫైనల్ ఆడి తొమ్మిది పరుగుల తేడాతో ఓడాం. ఎనిమిదేళ్ళకి గెలిచాం.

ఏడో పేరు

ఇవన్నీ ఒక రాత్రి మా అమ్మాయికి చెప్పాను. రిబ్బన్ల సంగతి చెబుతుంటే మంచం మీద లేచి కూర్చుంది. "1745లోనా?" అని రెండుసార్లు అడిగింది. చివర్న నేను చెప్పాల్సింది చెప్పాను. "వద్దన్నది తప్పేనే. రేపట్నుంచి వెళ్ళు" అన్నాను. మామ్మ పక్క మంచం మీద నుంచి, "ఇన్నాళ్ళూ ఎందుకు మానేసిందో అనుకున్నాను. నువ్వు వద్దన్నావా?" అంది. నా మొహం చూడాల్సింది!

అంత తేలిగ్గా అయిపోయిందనుకోకండి. కాలనీ జట్టులో దాని చోట్లోకి ఇంకో కుర్రాడు వచ్చేశాడు. మూడు ఆదివారాలు గట్టు మీదే కూర్చుంది. నేను వెళ్ళి అడుగుతానంటే వద్దంది. నాలుగో ఆదివారం ఎవరికో జ్వరం వచ్చి ఒకళ్ళు తగ్గారు. ఇంటికి పరిగెత్తుకొచ్చి బూట్లు వేసుకుంటూ, "అమ్మా, మరి స్కోరు ఎవరు రాస్తారు?" అంది.

"నేను రాస్తాలే, పద" అన్నాను. పప్పు స్టవ్వు మీదుంటే దాన్ని మావారికి అప్పజెప్పి, గట్టు మీద కూర్చుని, మొట్టమొదట దాని పేరు రాశాను. ఏడో పేరు. వైడుకి ఏం గుర్తు పెట్టాలో, ఓవరు ఎప్పుడు అయిపోతుందో తెలియక రెండుచోట్ల తప్పులు రాశాను. కుర్రాళ్ళే నవ్వుతూ దిద్దారు. మా అమ్మాయి నాలుగు పరుగులు చేసి బౌల్డయింది.

నాలుగే. కానీ పుస్తకంలో ఉన్నాయి.